తిన్న నోటితో రిలీజ్ అడగకూడదు

బీమా అమ్మే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను ముందుగా అడిగేది, కస్టమర్‌ని ఎలా ఒప్పించాలని. అది ఎవరైనా నేర్పుతారు. ఫోన్లో వీడియోలు కూడా ఉన్నాయి. పనిచేస్తున్న చోటు వదిలి వెళ్ళడానికి అక్కడి పెద్దాయనను ఎలా ఒప్పించాలో మాత్రం ఎవరూ నేర్పరు. నాకు తెలిసి దానికి సూత్రం ఒకటే. తిన్న నోటితో అడగకూడదు.

ఇదేదో సామెత అనుకోకండి. బర్ దుబాయ్‌లో, బట్టల దుకాణాల పైన మూడో అంతస్తులో ఉన్న మా పాత ఆఫీసులో ఇది అక్షరాలా నిజం.

ముందు మా పని ఎలా ఉంటుందో రెండు మాటల్లో చెబుతాను. బీమా కంపెనీ ఒకటే. దాని పాలసీలు అమ్మిపెట్టే మార్కెటింగ్ సంస్థలు చాలా. నాలాంటి ఏజెంటు వాటిలో ఏదో ఒకదాని కింద పేరు నమోదు చేయించుకోవాలి. ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు మారాలంటే పాత సంస్థ బ్రాంచి పెద్ద మనల్ని వదలాలి. దాన్నే రిలీజ్ అంటాం. వదలకపోతే ఆరు నెలలు ఏదీ అమ్మకుండా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి, ఆ తర్వాతే కొత్త చోటు. ఆ రోజుల్లో మెట్రోలో వస్తూ మావారితో ఫోన్లో "రిలీజ్ మళ్ళీ వాయిదా పడిందండీ" అని బాధపడుతుంటే, పక్కన నిలబడ్డ తెలుగు కుర్రాడు "ఏ సినిమా అక్కా?" అని అడిగాడు. అతనికీ పాపం ఆత్రంగానే ఉంది.

మా బ్రాంచి పెద్ద నెల్లూరాయన. ముదీర్ అంటే ఇక్కడ మేనేజరు. డ్రైవర్లు ఆయన్ని ముదీర్ అంటే మేం దానికి గారు తగిలించాం. ముదీర్ గారు ఎవరికీ లేదు, కాదు అని చెప్పి ఎరగరు. సెలవు అడిగితే "చూద్దాంలే అమ్మాయ్" అంటారు. కుర్చీ విరిగిందంటే "చూద్దాంలే" అంటారు. ఆయన చూస్తానన్న కుర్చీలో నేను రెండేళ్ళు ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాను. ఆయనకున్న పెద్ద వ్యసనం అన్నం పెట్టడం. ఇంటి నుంచి రోజూ నలుగురికి సరిపడా కారియర్ వచ్చేది. అందులో వారానికి మూడుసార్లు చేపల పులుసు, మామిడికాయ ముక్కలు వేసి. ఎవరైనా ఏదైనా కష్టమైన సంగతి మాట్లాడటానికి గదిలోకి వెళితే, మొదటి మాట ఇంకా నోట్లోనే ఉండగా "తిన్నావా?" అనేవారు.

నాకు రిలీజ్ ఎందుకు కావలసి వచ్చిందో చెప్పాలి. కరోనా రోజుల్లో పాప పుట్టింది. అప్పుడు అందరం ఇంట్లోంచే ఫోన్లో పాలసీలు అమ్మాం. పాపను ఒళ్ళో పడుకోబెట్టుకుని, దాని వీపు తడుతూ, అవతలివాళ్ళకు ప్రమాద బీమా గురించి చెప్పేదాన్ని. నా గొంతు జోలపాటలా ఉండటం వల్లో ఏమో బాగానే అమ్ముడుపోయేవి. తర్వాత ఆఫీసులు తెరిచారు. ముదీర్ గారికి మనుషులు కళ్ళెదురుగా ఉండాలి, లేకపోతే అన్నం ఎవరికి పెడతారు? అందరూ పొద్దున్నే మీటింగుకి రావలసిందే అన్నారు. పాపను మా పై అంతస్తులో పిల్లల్ని చూసుకునే ఆంటీ దగ్గర వదిలి వెళ్ళేదాన్ని. వదిలిన దగ్గర్నుంచి నాకు ఒకటే గాభరా. హ్యాండ్‌బ్యాగులో పాలసీ కాగితాలకంటే థర్మామీటరు పైన ఉండేది. ఆంటీ ఫోన్ చేస్తే గుండె ఆగేది, చేయకపోతే ఇంకా ఆగేది. అక్కడ మిగతా పిల్లల నుంచి అంటుకునే జలుబు ఒకటి తగ్గేలోపు ఇంకోటి వచ్చేది. పాప చిక్కి సగమైంది.

కాకినాడలో మా అత్తగారు ఫోన్లో పాపను చూసి, "ఎందుకే ఆ పసిదాన్ని అలా తిప్పుతారు? నా దగ్గర వదిలెయ్యండి, స్కూలు వయసు వచ్చాక తీసుకుపోదురు గానీ" అన్నారు. దుబాయ్‌లో చాలా ఇళ్ళలో జరిగేదే అది. మావారు షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తారు. తెల్లారకముందే బస్సెక్కి, చీకటి పడ్డాక దిగుతారు. ఇద్దరం ఆలోచించి ఆలోచించి చివరికి ఒప్పుకున్నాం. ఈద్ సెలవుల్లో ఆయన పాపను తీసుకెళ్ళి దిగబెట్టి రావాలి. టికెట్లు కూడా కొన్నారు. ఫోన్లో చూపించారు. ఆయనకు రానూ పోనూ, పాపకు పోను మాత్రమే.

ఆ 'పోను' చూసిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు.

సరిగ్గా ఆ సమయంలో ఇంకో మార్కెటింగ్ సంస్థ వాళ్ళు ఏజెంట్లను తీసుకుంటున్నారని తెలిసింది. వాళ్ళకు ఆఫీసు పేరుకే ఉంది, అందరూ ఇళ్ళ నుంచే పని. నాతో మాట్లాడి సరేనన్నారు, ఈద్ లోపల రిలీజ్ తెచ్చుకుంటే చేరొచ్చన్నారు. రిలీజ్ వస్తే పాప నా ఒళ్ళో, రాకపోతే కాకినాడలో. నా ముందున్న లెక్క అంతే.

ధైర్యం చేసి ముదీర్ గారి గదిలోకి వెళ్ళాను.

"సార్, మీతో ఒక విషయం..."

"తిన్నావా?"

"తిన్నానండి. విషయం ఏంటంటే..."

"ఏం తినుంటావులే. మొహం పీక్కపోయుండాది. కూసో." అని మూత తీశారు. గది నిండా మామిడికాయ పులుసు వాసన. అన్నం సయించక అన్ని రోజులైన మనిషిని. రెండు ముద్దలు తిన్నాను. ఆ తర్వాత ఎన్ని తిన్నానో చెప్పను.

చేయి కడుక్కొచ్చి, "సార్, నాకు రిలీజ్ కావాలండి" అన్నాను.

ఆయన నిజంగానే నొచ్చుకున్నట్టు చూశారు. "ఏందమ్మాయ్, ఇంకా మూతి కూడా తుడుచుకోలా. తిన్న నోటితో పోతానంటావా?"

ఆ మాటకు జవాబు చెప్పగల తెలుగు మనిషి ఇంకా పుట్టలేదు. తలొంచుకుని బయటికి వచ్చేశాను.

బయట ఇద్దరు నవ్వుతూ నిలబడి ఉన్నారు. ఒకరు మా సీనియర్, జగిత్యాలావిడ. ఆఫీసంతా అక్కా అనే పిలుస్తాం. ఇంకొకాయన కడప నుంచి వచ్చిన భాయ్. మా టీంలో మోటారు పాలసీలన్నీ ఆయనవే.

"తిన్నవా?" అంది అక్క.

"తిన్నానక్కా."

"అయిపాయె. నేను పోయినేడు అడుగబోయి రొయ్యలు తిన్న. ఈన మూడుసార్లు పోయి మూడుసార్లు తినొచ్చిండు."

"మూడోసారి నేను అడగడానికి పోలేదు బెహన్" అన్నారు భాయ్ నిజాయితీగా. "ఆ రోజు కొరమీను అని తెలిసి పోయినా."

వాళ్ళిద్దరికీ కూడా అదే కొత్త సంస్థకు వెళ్ళాలని ఉందని అప్పుడే తెలిసింది. ముగ్గురం మెట్ల మీద కూర్చుని ఆలోచించాం. ఉపాయం భాయ్‌దే.

"ఆయన మనల్ని ఎందుకు వదలడం లేదు? మనం బాగా అమ్ముతాం కాబట్టి. రేపట్నుంచి అమ్మొద్దు. దివాలా ఏజెంట్లం అయిపోదాం. ఆయనే విసుక్కుని పొమ్మంటాడు."

"అమ్మకుండా ఎట్లుంటం? తిరుగుతలేరని తిడుతడు" అంది అక్క.

"తిరుగుదాం. తిరిగి, కొనొద్దని చెబుదాం. పాలసీలో ఏమేమి రావో అవన్నీ ముందే చెప్పేద్దాం. ఎవడు కొంటాడు?"

ఇది మాకు చాలా తెలివైన పథకంగా కనిపించింది. అప్పటిదాకా మాకు నేర్పింది ఏమిటంటే, వచ్చేవి గట్టిగా చెప్పాలి, రానివి అడిగితేనే చెప్పాలి. దాన్ని తిరగేస్తే చాలు, పని చెడిపోతుంది.

మర్నాడు అక్క షార్జాలో ఒక స్టీలు వర్క్‌షాపుకి వెళ్ళింది. ఓనరు చిత్తూరాయన. పనివాళ్ళకు ప్రమాద బీమా చేయించాలని చాలా కాలంగా ఊగిసలాడుతున్నాడు. అక్క కుర్చీలో కూర్చుంటూనే, "అన్నా, ముందే చెప్తున్న, పంటినొప్పికి దీంట్ల ఏం రాదు. తాగి పడితే రాదు. వాళ్ళ ఊళ్ళె ఎడ్లబండి మీదికెళ్ళి పడ్డా రాదు. మిషన్ల చెయ్యి పడితెనే వస్తది. గదీ కాయిదాలు సక్కగుంటెనే. నీకెందుకే ఇది?" అందట.

ఆయన కాసేపు అలా చూసి, టీ తెప్పించి, "ఎంతమందో ఏజెంట్లు వచ్చినారు తల్లీ. ఏది రాదో చెప్పినదానివి నువ్వొక్కతివే" అని వర్క్‌షాపు మొత్తానికి చేయించాడు. అంతటితో ఊరుకోకుండా పక్కనున్న గ్యారేజీ ఓనర్నీ పిలిచాడు.

నా సంగతీ అంతే. మా ఆఫీసు కిందే ఉన్న బట్టల దుకాణంలో తెనాలాయన ఒకాయన సంతకానికి సిద్ధంగా ఉంటే, పెన్ను ఇవ్వకుండా, "ఇవాళ వద్దండీ. ఇంటికి తీసుకెళ్ళి మొత్తం చదవండి, మీ ఆవిడని కూడా అడగండి" అని వచ్చేశాను. సాయంత్రం వాళ్ళావిడ ఫోన్ చేసింది. "మా ఆయన్ని నన్నడగమన్న మొట్టమొదటి మనిషివి నువ్వే చెల్లీ" అని, ఆయన పేరు మీదే కాక తన పేరు మీద కూడా రాయమంది. తర్వాత ఆమె చెల్లెలు, చెల్లెలి ఆడపడుచు.

భాయ్ అయితే ఫోను స్విచాఫ్ చేసి పెట్టేశారు. ఎప్పుడు చేసినా దొరకని ఏజెంటంటే ఎంత బిజీగా ఉన్నాడో, ఎంత గొప్పవాడో అని కస్టమర్లు ఆఫీసుకే వెతుక్కుంటూ వచ్చారు.

నెల తిరిగేసరికి బ్రాంచిలో మేం ముగ్గురమే పైన ఉన్నాం. ముదీర్ గారి ఆనందం చెప్పనలవి కాదు. మా ముగ్గురి ఫోటోలు ఫ్రేములు కట్టించి రిసెప్షన్ గోడకు పెట్టించారు. ఫ్రేములు బోసిగా ఉన్నాయని తలా ఒక ప్లాస్టిక్ మల్లెల దండ కూడా వేయించారు.

పొద్దున్నే వచ్చి అక్క ఆ గోడ ముందు నిలబడిపోయింది. "సార్, బతికుండంగనే దండలేస్తిరి" అంది.

"ఊరుకోమ్మా, అందం కోసం" అన్నారాయన మురిసిపోతూ. "మిమ్మల్ని వదిలితే నా బ్రాంచి ఏం గాను?"

ఈద్ దగ్గరపడుతోంది. ఇంటికి వెళితే మావారు పాప బట్టలు చిన్న సూట్‌కేసులో సర్దుతున్నారు. నేను సర్దలేనని ఆయనకు తెలుసు. పాప ఆ సూట్‌కేసులోకి ఎక్కి కూర్చుని, అదేదో కొత్త ఆటనుకుని చప్పట్లు కొడుతోంది.

రంజాన్ మొదలైన రోజున భాయ్ ఉపవాసంలో ఉండి కూడా పరిగెత్తుకుంటూ నా టేబుల్ దగ్గరికి వచ్చారు.

"బెహన్, ఇంతకాలం ఈ సంగతి మనకు తట్టలేదు చూడు. ఇప్పుడు పగటిపూట ఆఫీసులో అన్నం గది మూసేసినారు."

నాకు ఒక క్షణం పట్టింది. తర్వాత ఇద్దరం ముదీర్ గారి గది వైపు చూశాం. ఆయన హిందువే అయినా రంజాన్ మర్యాద గట్టిగా పాటిస్తారు. నెలంతా పగలు కారియర్ రాదు. మంచినీళ్ళు కూడా స్టోరురూములోకి వెళ్ళి తాగుతారు. గరిటె లేని ముదీర్ గారిని మేం అంత శ్రద్ధగా చూడటం అదే మొదటిసారి. గదిలో కూర్చుని ఏం చేయాలో తెలియనట్టు పెన్ను మూత తీసి పెడుతున్నారు.

"ఇంకో సంగతి" అన్నారు భాయ్. "కంపెనీ నుంచి ఏజెంట్ల పేర్లు చూసే మేడమ్ గురువారం వస్తోంది. ఆమె ఎదుట ఆయన నోటితో సరేనంటే చాలు, అక్కడే తీసేస్తుంది. ఇది పోతే ఈద్ తర్వాతే."

ఆ మేడమ్ జోర్డాన్ ఆవిడ. పెద్ద బీమా కంపెనీలో ఏజెంట్ల నమోదు చూస్తుంది. పొడుగ్గా, నెమ్మదిగా ఉంటుంది గానీ ఒక మాటకు రెండు అర్థాలుంటే ఒప్పుకోదు.

ముగ్గురం ఆవిడకు ముందే అర్జీలు పెట్టుకున్నాం. గురువారం మధ్యాహ్నం ఆవిడ వచ్చింది. ట్యాబ్ టేబుల్ మీద పెట్టి, ముదీర్ గారిని ఎదురుగా కూర్చోబెట్టి, మా ముగ్గురినీ పక్కన నిలబెట్టి, "వీళ్ళు రిలీజ్ అడిగారు. మీరు ఇస్తున్నారా?" అని ఇంగ్లీషులో అడిగింది.

ముదీర్ గారి చేయి అలవాటుగా కారియర్ ఉండే చోటుకు పోయింది. అక్కడ స్టేప్లర్ ఉంది. దాన్నే ముందుకు జరిపారు.

తర్వాత ఆయన చేసిన పనులు చూడవలసిందే. ముందు ఏసీ ఎక్కువైందన్నారు. తగ్గించాక తక్కువైందన్నారు. మేడమ్ పిల్లలు ఏం చదువుతున్నారని అడిగారు. మా గోడ మీది ఫోటోలు చూపించి, ఇంత మంచి ఏజెంట్లు మరెక్కడా లేరని చెప్పారు. ఆవిడ ఆ దండలు చూసి, "వీళ్ళు బతికే ఉన్నారుగా?" అంది. ఆవిడకు మన సంగతులు కొంత తెలుసు. చివరికి ఆయన, "మేడమ్, ఇఫ్తార్‌కి ఉండిపోండి. ఇంటి నుంచి హలీమ్ తెప్పిస్తా, తీరిగ్గా మాట్లాడుకుందాం" అన్నారు.

భాయ్ కిటికీ వైపు చూశారు. సూర్యుడు దిగితే కారియర్ వస్తుంది. కారియర్ వస్తే మా పని అయిపోయినట్టే.

"నా పిల్లలు ఇంట్లో ఎదురుచూస్తారు" అంది మేడమ్. "అవునా, కాదా చెప్పండి."

"చూద్దాం మేడమ్. అన్నీ చూసుకుని..."

అప్పుడే నా ఫోన్ మోగింది. పై అంతస్తు ఆంటీ. రంజాన్‌లో ఆవిడ మధ్యాహ్నం వరకే పిల్లల్ని చూస్తుంది, అప్పటికే ఆలస్యమైంది. ఫోన్లో ఆంటీ మాటకంటే వెనక పాప ఏడుపు ముందు వినిపించింది. నాకు ఆ గదీ, ఆ మేడమూ, రిలీజూ ఏవీ గుర్తు లేవు. బ్యాగు అందుకుని, గుమ్మం దాకా వెళ్ళి, రోజూ సాయంత్రం అనే మాటే అనేశాను.

"వెళ్ళొస్తాను సార్."

ముదీర్ గారి మొహం చూడాలి. స్టోరురూములో దాచిన కారియర్ దొరికినట్టు వెలిగిపోయింది.

"మేడమ్, విన్నారా? ఆమె ఏం చెప్పిందో తెలుసా? వెళ్ళి, తిరిగి వస్తానంది. ఐ విల్ గో అండ్ కమ్. ఇంక రిలీజ్ ఎందుకు? ఇది సెలవు. సెలవు ఇచ్చేస్తా."

మేడమ్ భాయ్ వైపు తిరిగింది. "ఆమె నిజంగా అలాగే అందా?"

అబద్ధం ఆడితే ఉపవాసం చెడుతుంది. భాయ్ నేల చూస్తూ, "మాటకు మాట చూస్తే అంతే మేడమ్" అన్నారు.

ఆవిడ ట్యాబ్ మూత వేయబోయింది. ఇన్నాళ్ళ తంటాలు, మా వర్క్‌షాపులు, మెట్లమీది మంతనాలు, అన్నీ నా నోటి అలవాటు వల్ల పోయాయి. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

"అలా అనకుండా ఎలా వెళ్తాం సార్?" అన్నాను. "పక్కింటికి వెళ్తున్నా వెళ్ళొస్తాననే అంటాం. రావడం లేని వెళ్ళడం మా ఇంట్లో ఒక్కటే ఉందండి. మా పాప టికెట్టు. ఈద్‌కి కాకినాడ పంపేస్తున్నాం. మావారికి రానూ పోనూ, దానికి పోను మాత్రమే. మీరు నన్ను వదిలితే ఇంట్లోంచి పనిచేసుకుంటూ దాన్ని ఉంచుకుంటాను. మీకు ఇది చెబుదామనే ఆ రోజు వచ్చాను. మీరు పులుసు పెట్టారు."

ముదీర్ గారు స్టేప్లర్‌ని వెనక్కి జరుపుకున్నారు.

"ఇది ఎందుకు చెప్పలా నువ్వు?" అన్నారు ముదీర్ గారు మెల్లగా.

"నోరు ఖాళీగ ఉంచితె కద సార్ చెప్పేది" అంది అక్క. అని, అంతటితో ఆగలేదు. ఆమె కళ్ళలో ఆ మెరుపు నాకు తెలుసు. "సరే తీయుండ్రి. ఆమె వెళ్ళొస్త అన్నందుకు సెలవంటున్నరు. మరి ఇప్పుడు మీరనుండ్రి. రిలీజ్ ఇయ్యనోళ్ళు కదా, ఉండు అనుండ్రి. పిల్ల ఏడుస్తున్నా సరే, ఈ కన్నతల్లిని ఇక్కడ్నే ఉండమనుండ్రి."

"అట్టా ఎందుకంటా?"

"అయితె పో అనుండ్రి."

"గుమ్మంలో ఉన్న ఆడబిడ్డని పో అంటారామ్మా ఎవురన్నా? నీకు మతి ఉండాదా?"

"ఉండు అనరు, పో అనరు. మరి ఏమంటరు? ఆమె నిలవడ్డది. పిల్ల ఏడుస్తుంది."

ఫోన్ ఇంకా నా చేతిలోనే ఉంది, పాప ఇంకా ఏడుస్తోంది. ముదీర్ గారు నా వైపు చూశారు, ఫోన్ వైపు చూశారు. ఆయన నోటికి అలవాటైన మాటలు రెండే. 'చూద్దాంలే' ఒకటి. అది గుమ్మంలో నిలబడ్డ మనిషికి చెప్పే మాట కాదు. రోజూ మా అందరికీ చెప్పే ఇంకో మాటే మిగిలింది.

"వెళ్ళిరా అమ్మా" అన్నారు.

మేడమ్ కనుబొమలు పైకి లేచాయి. "ఏమన్నారు?"

భాయ్‌కి ఈసారి అబద్ధం అవసరం లేకపోయింది. చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా, "గో అన్నారు మేడమ్. అండ్ కమ్ అని కూడా అన్నారు" అని చెప్పారు.

ఆవిడ ఒక్కసారి నన్నూ, ఒక్కసారి ఆయన్నీ చూసింది. పెదవుల చివర చిన్న నవ్వు వచ్చి, మళ్ళీ వెళ్ళిపోయింది. "గో మాత్రమే నా విభాగం. కమ్ ఎప్పుడు జరగాలో అది మీలో మీరు చూసుకోండి" అని, ట్యాబ్ మీద వేలు పెట్టి నొక్కింది. "ఖలాస్."

ముదీర్ గారు ఏదో అనబోయి, ఆగి, తల అడ్డంగా ఊపి, చివరికి నవ్వేశారు. అంత పెద్దగా ఆయన నవ్వడం అదే వినడం. "నా మాటతో నన్నే కట్టేసినారు కదమ్మా" అన్నారు. నేను మెట్లు దిగుతుంటే పైనుంచి కేకేశారు. "అమ్మాయ్, ఈద్ రోజు బిడ్డని తీసుకుని ఇంటికి రా. రిలీజ్ అయిపోయింది కదా, ఇప్పుడు తినొచ్చు."

వెళ్ళాం. పాప ఆయన ఒళ్ళో కూర్చుని చేప ముళ్ళు తీయించుకుని తింది. టికెట్టు రద్దు చేసుకుంటే తిరిగి వచ్చింది తక్కువే, మావారు దాని గురించి ఒక్క మాట అనలేదు. సూట్‌కేసులోంచి బట్టలు నేనే తీశాను. పాప మాత్రం దాన్ని వదలలేదు, చాలా రోజులు అందులోనే కూర్చుని పాలు తాగేది.

భాయ్ రిలీజ్ కూడా ఆ రోజే అయింది. ఒకసారి వేలు కదిలాక మేడమ్ ఆగలేదు. అక్క పేరు వచ్చేసరికి అక్కే వద్దందట. తర్వాత ఫోన్లో నేను తెల్లబోయి అడిగితే, "నేను గూడ పోతే ఈయన్ని సతాయించెటోళ్ళెవ్వరే? ఇగ ఇంట్ల ఒక్కదాన్ని కూసుండి ఏం దినాలె?" అంది. ఏది రాదో ముందు చెప్పి అమ్మే పద్ధతిని ముదీర్ గారు ఇప్పుడు కొత్తవాళ్ళందరికీ ఆమె చేత నేర్పిస్తున్నారట. అది దివాలా తీయడానికి కనిపెట్టిన పద్ధతని ఆమె ఆయనకు ఇంతవరకూ చెప్పలేదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, కొత్త సంస్థలో నా కింద కొంతమంది పిల్లలు పనిచేస్తున్నారు. నన్ను టీం పెద్దను చేశారు, వాళ్ళ రిలీజ్ ఒప్పుకోవడం కూడా ఇప్పుడు నా ఫోన్లోనే. పోయిన వారం వాళ్ళలో ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. బాగా అమ్మే పిల్ల, నా టీంలో సగం లెక్క ఆమెదే. గుమ్మంలో చెప్పులు విప్పుతున్న తీరు చూసే నాకు విషయం అర్థమైంది. పొయ్యి మీద గుత్తివంకాయ ఉడుకుతోంది.

"తిన్నావా?" అన్నాను.

అన్నాక, ఆ గొంతు ఎక్కడో విన్నట్టు అనిపించింది.

"తినే వచ్చానండి" అంది ఆ పిల్ల చాలా తొందరగా. సోఫా అంచున కూర్చుంది. "ముందు తినేసి వెళ్ళు, అక్కడ ఏం పెట్టినా ముట్టుకోకు అని చెప్పారండి."

"ఎవరు?"

"బర్ దుబాయ్‌లో మా బిల్డింగ్ అక్క. జగిత్యాలావిడ. వాళ్ళ ఆఫీసులో చేరదామనుకుంటున్నానండి. నాకు ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని ఫోన్లు చేయడం బెంగగా ఉంటోంది. అక్కడ అందరూ కలిసి ఉంటారట." కాస్త ఆగి, తల వంచుకుని, "భోజనం కూడా బాగుంటుందట" అంది.

ఏసీ ఎక్కువైందా అని అడిగాను. తగ్గించాను. వాళ్ళ అమ్మానాన్నలు బాగున్నారా అని అడిగాను. లోపల పాప సూట్‌కేసు మూత వేస్తూ తీస్తూ ఆడుకుంటోంది. ఆ పిల్ల అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, ఇంక లాభం లేదనుకుందేమో, లేచింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"వెళ్ళొస్తానండి."

ఒక్క నిమిషం ఆగమని, ఫోన్ తీసి ముందు రిలీజ్ నొక్కాను. ఆ తర్వాతే అన్నాను, వెళ్ళిరా అమ్మా అని.